గ్రిజ్లీ నాకు నేర్పిన లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



నెల రోజుల కిందట కార్యదర్శి గారు ఫోన్ చేసి, "కెనడాలో ఇన్నేళ్ళుగా ఇంజనీరుగా ఉన్నావు కదా, పిల్లలకు పనికొచ్చేలా నాలుగు మాటలు చెప్పు" అన్నారు. జీవితంలో పైకి రావడం ఎలా అన్న విషయం మీద మాట్లాడతాననుకున్నారేమో. నేను ఎలుగుబంటి గురించి మాట్లాడతానన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత నవ్వి, "సరే కానీ, మన ఉద్దానం వాళ్ళకి ఎలుగు కొత్తేం కాదులే" అన్నారు. నిజమే. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

నా తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మేం ఆరో తరగతిలో ఉండగా మధ్యాహ్నం భోజనాల వేళ బడి గేటు బయట వేపచెట్టు కింద ఎలుగును ఆడించేవాడు వచ్చేవాడు. దాని ముక్కుకి తాడు. వాడు తాడు లాగితే అది రెండు కాళ్ళ మీద లేచి నిలబడేది. పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెడితే భయం పోతుందనేవారు. పది పైసలిస్తే ఒక వెంట్రుక పీకి ఇచ్చేవాడు. మా అమ్మ దాన్ని తాయెత్తులో పెట్టి నా మొలతాడుకి కట్టింది. మా సైన్సు మాస్టారు ఆ తాయెత్తు చూసి, "నీ భయం పోయింది బాగానే ఉంది. వెంట్రుక ఇచ్చినందుకు ఎలుగుకి ఏం ముట్టిందిరా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఆయన ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. అది అడిగినవాడు ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు. 2017 డిసెంబరులో నేనుండే బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో గ్రిజ్లీ ఎలుగుల వేటను నిషేధించారు. ఆ సంతోషంలో మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నేను తీసిన గ్రిజ్లీ ఫోటో ఒకటి పెట్టాను. అరగంటలో వాడి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఒరేయ్, మీ దగ్గర ఎలుగుని చంపొద్దని పండగ చేసుకుంటున్నారు. ఇక్కడ మా అమ్మ జీడితోటకి వెళ్ళి ఎలుగు బారిన పడి మూడు నెలలు ఆస్పత్రిలో ఉంది. దీనికేం చెప్తావు?" నా దగ్గర జవాబు లేదు. ఫోటో తీసేశాను. ఈ ప్రసంగం వాడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ముందు గ్రిజ్లీ గురించి కొంచెం చెప్పాలి. మన ఎలుగు నల్లగా, పొడుగు మూతితో, చెదపురుగులూ పళ్ళూ తింటూ బతుకుతుంది. గ్రిజ్లీ గోధుమరంగు ఎలుగుల జాతి. భుజాల మీద మూపురం, బారెడు గోళ్ళు. మగది రెండు మూడు వందల కిలోలు తూగుతుంది. అంత బరువుతోనూ గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు. శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరులోనే 'భయంకరం' అన్న మాట ఉంది. ఆ పేరే దాని కొంప ముంచింది.

అది ఏడాదిలో ఎక్కువ రోజులు తినేది గడ్డి, దుంపలు, పళ్ళు. ఆగస్టు తర్వాత సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి వస్తాయి. అప్పుడు గ్రిజ్లీలు రేవులో దిగుతాయి. పట్టిన చేపను గట్టుకీ, అడవిలోకీ లాక్కుపోయి మెత్తటి భాగం తిని మిగతాది వదిలేస్తాయి. ఆ చేపల్లోని నత్రజని చెట్ల వేళ్ళకు అందుతుంది. తీరంలోని చెట్లలో సముద్రం నుంచి వచ్చిన నత్రజని ఉందని విక్టోరియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచి చూపించారు. అంటే ఆ ఎలుగు అడవికి ఎరువు మోసే కూలీ కూడా.

ఇంకొక్క సంగతి చెబితే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఆడ గ్రిజ్లీ వేసవి మొదట్లో జత కడుతుంది. కానీ కడుపులో పిండం వెంటనే కుదురుకోదు. శీతాకాలం వచ్చేసరికి ఒంట్లో తగినంత కొవ్వు చేరితేనే కుదురుకుంటుంది, లేకపోతే లేదు. మంచు గుహలో నిద్రలో ఉండగానే ఈనుతుంది. పిల్ల బరువు అర కిలో. పిల్లలు రెండు మూడేళ్ళు తల్లిని వదలవు. మొదటి కాన్పు ఐదారేళ్ళు నిండాకనే, తర్వాత కాన్పుకీ కాన్పుకీ మూడేళ్ళు పైన. పుట్టిన పిల్లల్లో చాలా వరకు పెద్దవి కావు. ఒక తల్లి తన స్థానంలో ఇంకో తల్లిని నిలబెట్టడానికి పదేళ్ళ దాకా పడుతుంది. చంపడానికి ఒక్క క్షణం చాలు. లెక్క అక్కడే తప్పుతుంది.

అమెరికాలో, అలాస్కా కాకుండా, ఒకప్పుడు యాభై వేల గ్రిజ్లీలు ఉండేవని అంచనా. 1975లో రక్షణ జాబితాలో చేర్చేనాటికి వెయ్యి కూడా మిగల్లేదు. కాలిఫోర్నియా రాష్ట్రం జెండా మీద ఇప్పటికీ గ్రిజ్లీ బొమ్మ ఉంది. ఆ రాష్ట్రంలో మాత్రం వందేళ్ళుగా ఒక్క గ్రిజ్లీ లేదు. కెనడా పడమటి కొసన బ్రిటిష్ కొలంబియాలో మాత్రం ఇంకా పదిహేను వేల దాకా ఉన్నాయని ప్రభుత్వం అంచనా.

ఇక నా సంగతి. నేను సివిల్ ఇంజనీర్ని. అడవుల్లో కలప, ఖనిజం తెచ్చుకోవడానికి వేసే మట్టి రోడ్లు, వాటి మీది చిన్న చిన్న వంతెనలు నా పని. పని చేసిన ఒక కంపెనీలో మీటింగు గది గోడకి గ్రిజ్లీ తల ఒకటి తగిలించి ఉండేది. నోరు తెరిచి, గాజు కళ్ళతో. నేను దాని ఎదురుగా కూర్చుని ఎన్నో డ్రాయింగులు దిద్దాను. రెండో వారానికే దాన్ని చూడడం మానేశాను. మనిషి దేనికైనా అలవాటు పడతాడు.

ట్రోఫీ వేట అంటే అదే. తిండి కోసం కాదు, పంట కాపాడుకోవడం కోసం కాదు. తల, చర్మం, పంజాలు ఇంటికి తెచ్చుకోవడం కోసం. స్థానికులకు లాటరీలో పర్మిట్ వచ్చేది. విదేశీయులు గైడుకి పదివేల డాలర్లకు పైగా కట్టి వచ్చేవారు. లేడినో, దుప్పినో చంపితే మాంసం వదిలేసి రావడం అక్కడి చట్టం ప్రకారం నేరం. గ్రిజ్లీకి మాత్రం ఆ నియమం లేదు. చర్మం ఒలుచుకుని మాంసం అక్కడే పడేసి రావచ్చు. వసంతంలో నాలుగైదు నెలల ఆకలితో గుహ నుంచి బయటికొచ్చి ఏటి ముఖద్వారాల దగ్గర పచ్చగడ్డి మేస్తూ బయలులో నిలబడిన జంతువును దూరం నుంచి కొట్టేవారు. అదీ వేట.

అప్పట్లో నేను దీనికి వ్యతిరేకం కాదు, అనుకూలమూ కాదు. నాకు కావలసింది లెక్క. పదిహేను వేలు ఉన్నాయి, ఏడాదికి రెండు వందల యాభై దాకా చంపుతున్నారు, అంటే రెండు శాతం కూడా కాదు. "లెక్క సరిపోయిందిగా, గొడవేంటి?" అని నా భార్యతో వాదించేవాణ్ణి. ఆవిడ, "మీరు లెక్క చూస్తున్నారు, నేను ఫోటోలో ఆ మనిషి నవ్వు చూస్తున్నాను" అనేది. అది నాకు వాదనలా కనిపించలేదు.

2008లో ఒక లోయలో కలప పని ముగిసింది. నియమం ప్రకారం రోడ్డు మూసేసి, వంతెన విప్పేసి, తూములు తీసి, ఏటిని దాని దారిన వదలాలి. ఖర్చు ఎక్కువవుతుందని, వంతెన ఇంకా గట్టిగానే ఉందని, అలాగే వదిలేయొచ్చని ఒక కాగితం తయారైంది. దాని మీద ఇంజనీరు సంతకం కావాలి. చేశాను. వంతెన గట్టిదే. కాగితంలో అబద్ధం ఒక్కటీ లేదు.

మరుసటి ఏడాది మే నెలలో తనిఖీకి వెళ్ళాను. వంతెన అవతల రెండు వందల గజాల దూరంలో కాకులు తిరుగుతున్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే ముందు మనిషి శవం అనుకుని కాళ్ళు వణికాయి. చర్మం ఒలిచిన ఎలుగు అచ్చం మనిషిలా ఉంటుంది. తల లేదు, పంజాలు లేవు. మిగతాదంతా అక్కడే ఉంది. పక్కన మట్టిలో జీపు చక్రాల గుర్తులు తిన్నగా నా వంతెన మీదికి వచ్చాయి. పర్మిట్ ఉన్న వేటే, నేరం ఏమీ లేదు. ఆ వంతెన లేకపోతే ఆ మనిషి అక్కడిదాకా రావాలంటే రెండు రోజులు నడవాలి. అతను నడిచేవాడు కాదు.

ఆ రాత్రి క్యాంపులో పడుకుంటే మాస్టారి ప్రశ్న గుర్తొచ్చింది. ఎలుగుకి ఏం ముట్టింది?

ఇంజనీర్లకు ఒక అలవాటు ఉంది. మనకు తెలియనిదాని కోసం కొంత జాగా వదులుతాం. వంతెన మీదికి అరవై టన్నుల లారీ వస్తుందంటే సరిగ్గా అరవైకే కట్టం. ఉక్కులో లోపం ఉండొచ్చు, డ్రైవరు ఎక్కువ సరుకు వేయొచ్చు, వరద రావచ్చు. అందుకే భద్రతా గుణకం పెడతాం. గ్రిజ్లీల లెక్కలో ఆ గుణకం ఎంత ఉందని అప్పుడు చూడడం మొదలుపెట్టాను.

అడవిలో ఎలుగుల్ని తలలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టలేరు. పద్ధతి ఏమిటంటే, చెట్ల చుట్టూ ముళ్ళతీగ కట్టి మధ్యలో గట్టి వాసన ఉన్న ద్రవం పోస్తారు. ఎలుగు వాసన చూడ్డానికి తీగ కిందనుంచి దూరుతుంది. ఒకటి రెండు వెంట్రుకలు తీగకి చిక్కుకుంటాయి. ఆ వెంట్రుక వేరులోని డీఎన్ఏ చూసి ఇది ఏ ఎలుగు, ఆడదా మగదా చెబుతారు. మొదటిసారి ఆ తీగ చూసినప్పుడు నా మొలతాడు తాయెత్తు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇక్కడా వెంట్రుకే. కాకపోతే ఇక్కడ ఎలుగుకి నొప్పి లేదు, పైగా దాని ఉనికికి అదే సాక్ష్యం.

అయితే అంత పెద్ద రాష్ట్రంలో ఇలా లెక్కించిన ప్రాంతాలు కొన్నే. మిగతాచోట్ల అంచనాలు. చావుల లెక్కా అంతే. వేటగాడు చూపించినవి తెలుస్తాయి. దొంగచాటుగా చంపినవి, గాయపడి పొదల్లో చచ్చినవి ఎవరికి తెలుస్తాయి? 2013లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రభుత్వం లెక్కల్నే తీసుకుని పదేళ్ళ వేటను పరిశీలించారు. వేటకు తెరిచిన యాభై ప్రాంతాల్లో సుమారు సగం చోట్ల కనీసం ఒక్కసారైనా చావులు ప్రభుత్వం గీసుకున్న గీత దాటాయి. అంచనాల్లో ఉండే తప్పును కూడా కలుపుకుంటే పరిస్థితి ఇంకా అధ్వాన్నంగా ఉండొచ్చన్నారు. ఆ పేపరు చదివాక నా భార్యతో వాదించడం మానేశాను. నాకు గట్టిగా కనిపించిన లెక్క భద్రతా గుణకం లేని వంతెన.

అయినా పేపర్లతో వేట ఆగలేదు. ఎలా ఆగిందో చెబుతాను. పిల్లలు ఇది శ్రద్ధగా వినాలి.

మొదటి నిషేధం 2001లోనే వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి ఉజ్జల్ దోసాంజ్, మన పంజాబులో పుట్టినవాడు. మూడేళ్ళపాటు గ్రిజ్లీ వేట ఆపారు. కొద్ది నెలల్లో ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది, కొత్త ప్రభుత్వం ఆ ఉత్తర్వు ఎత్తేసింది. పైనుంచి వచ్చిన నిర్ణయం పైనుంచే పోయింది.

తర్వాత ఉద్యమం దారి మార్చుకుంది. గైడ్లకు ప్రభుత్వం ఇచ్చే వేట హక్కులు కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. రెయిన్‌కోస్ట్ అనే సంస్థ 2005లో విరాళాలు పోగుచేసి తీరంలో ఇరవై వేల చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతంలో ఆ హక్కుల్నే కొనేసింది. అమ్మేవాడికి న్యాయమైన ధర ముట్టింది, ఎలుగు బతికింది. తిట్టుకోకుండా కొనుక్కుని ఆపిన పని ఇది. నాకు చాలా నచ్చింది.

అసలు బలం మాత్రం అక్కడి ఆదివాసీల నుంచి వచ్చింది. వాళ్ళని ఫస్ట్ నేషన్స్ అంటారు. హైల్ట్‌సుక్, కిటాసు లాంటి జాతులు వేల ఏళ్ళుగా అదే ఏటి ఒడ్డున అదే చేపలు తింటూ గ్రిజ్లీతో కలిసి బతుకుతున్నాయి. వాళ్ళేమీ జంతువుల్ని చంపని వాళ్ళు కారు. వేట వాళ్ళ బతుకు. కానీ తినని దాన్ని చంపడం వాళ్ళ ధర్మంలో తప్పు. 2012లో తీరప్రాంత ఫస్ట్ నేషన్స్ కలిసి, మా నేలల్లో ట్రోఫీ కోసం ఎలుగుల వేట నిషేధం అని ప్రకటించాయి. ప్రభుత్వం గుర్తించలేదు. వాళ్ళు గుర్తింపు కోసం ఎదురుచూడలేదు. తమ యువకులనే కాపలాదారులుగా పడవలెక్కించి ఏటి మొగల దగ్గర తిప్పారు.

మరుసటి ఏడాది ఒక పేరున్న ఐస్ హాకీ ఆటగాడు అదే తీరంలో ఒక గ్రిజ్లీని చంపి, తెగిన తలను చేతుల్లో పట్టుకుని ఫోటో దిగాడు. ఆ ఎలుగు మనుషుల్ని చూసి బెదరదని అక్కడివాళ్ళు దానికి ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. ఆ ఫోటో పేపర్లో వచ్చింది. అప్పటిదాకా పట్టించుకోనివాళ్ళు కూడా చూశారు. నా భార్య చెప్పిన నవ్వు రాష్ట్రమంతా చూసింది.

డబ్బు లెక్క అడిగేవాళ్ళకూ జవాబు దొరికింది. ఆ తీరాన్ని గ్రేట్ బేర్ వర్షారణ్యం అంటారు. 2012లో అక్కడ ఎలుగుల్ని చూడడానికి వచ్చినవాళ్ళు పెట్టిన ఖర్చు, చంపడానికి వచ్చినవాళ్ళు పెట్టిన ఖర్చుకి పన్నెండు రెట్లని 2014లో ఒక అధ్యయనం తేల్చింది. చూపించే పనిలో 510 ఉద్యోగాలు, వేట గైడ్ల దగ్గర 11. తలను ఒకసారే అమ్మగలం. బతికున్న ఎలుగును ప్రతి సెప్టెంబరులోనూ చూపించవచ్చు. ఆ పడవలు నడిపేవాళ్ళలో చాలామంది ఆ ఊళ్ళ ఆదివాసీ పిల్లలే.

2017లో మళ్ళీ ప్రభుత్వం మారింది. ఆగస్టులో కొత్త ప్రభుత్వం ట్రోఫీ వేట ఆపుతామంది. కానీ చాలాచోట్ల మాంసం కోసం వేటాడొచ్చని ఒక సందు ఉంచింది. ఆ సందులోంచి పాత వేటే మళ్ళీ వస్తుందని జనం మొత్తుకున్నారు. ప్రజల అభిప్రాయం అడిగితే రాసినవాళ్ళలో 78 శాతం వేట పూర్తిగా ఆపమన్నారు. డిసెంబరు 18న రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది. ఫస్ట్ నేషన్స్ తమ ఆహారానికీ, ఆచారాలకీ వేటాడే హక్కు మాత్రం అలాగే ఉంచారు. అది న్యాయమే.

అవతలివాళ్ళ మాట కూడా చెప్పకపోతే అన్యాయం. కొందరు గైడ్లకు తాతల నాటి వృత్తి ఒక్క ఉత్తర్వుతో పోయింది. వాళ్ళలో అడవిని నాకన్నా వందరెట్లు ఎరిగినవాళ్ళు ఉన్నారు. ఆఫ్రికాలో నమీబియా లాంటి చోట వేట రుసుము గ్రామాలకే చేరి, ఆ డబ్బుతో జంతువులు పెరిగిన ఉదాహరణలూ ఉన్నాయి. కాబట్టి వేట అన్నచోటల్లా ఒకే తీర్పు చెప్పలేం. కానీ మా తీరంలో ఆ నేల మనుషులే వద్దన్నారు. వాళ్ళ మాట కాదని బయటివాడి గోడకి తల తగిలించడంలో ఏ న్యాయమూ నాకు కనిపించలేదు.

అమెరికాలోనూ ఇదే గొడవ జరిగింది. ఎల్లోస్టోన్ చుట్టుపక్కల గ్రిజ్లీలు 1975లో నూట ముప్పై చిల్లర. రక్షణ వల్ల 2017 నాటికి ఏడు వందల దాకా పెరిగాయి. పెరిగాయి కదా అని రక్షణ తీసేశారు. 2018లో వయోమింగ్ రాష్ట్రం 22 ఎలుగుల దాకా చంపడానికి లాటరీ పెట్టింది. ఏడు వేలమంది దరఖాస్తు చేశారు. అందులో చింపాంజీల శాస్త్రవేత్త జేన్ గుడాల్ కూడా ఉన్నారు. పర్మిట్ వస్తే తుపాకీ బదులు కెమెరా పట్టుకెళ్దామని ఆడవాళ్ళు కొందరు మొదలుపెట్టిన ఉద్యమం అది. ఒక పర్మిట్ నిజంగానే ఎలుగుల ఫోటోగ్రాఫర్ థామస్ మాంగెల్సన్‌కి తగిలింది! చివరికి సెప్టెంబరులో కోర్టు రక్షణ తిరిగి ఇచ్చింది, వేట జరగలేదు. నా పక్క రాష్ట్రం అల్బర్టా 2006లో వేట ఆపి, 2024లో 'సమస్యాత్మక' ఎలుగుల్ని వేటగాళ్ళచేత చంపించేలా నియమం మార్చింది. అంటే ఈ పని ఒకసారి గెలిస్తే అయిపోయేది కాదు.

ఇప్పుడు నాకు కష్టమైన మాట. వేట నిషేధం వచ్చిన ఏడాదే, రెండు నెలల ముందు, మా రాష్ట్ర ఆడిటర్ జనరల్ గ్రిజ్లీల మీద నివేదిక ఇచ్చారు. గ్రిజ్లీకి అతి పెద్ద ముప్పు వేట కాదు, అది బతికే చోటు పాడైపోవడం అని అందులో ఉంది. రాష్ట్రంలో అడవి పనుల కోసం వేసిన రోడ్లు ఆరు లక్షల కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు 0.6 కిలోమీటరు రోడ్డు దాటితే గ్రిజ్లీలకు అక్కడ నిలదొక్కుకోవడం కష్టమని పరిశోధకుల మాట. తుపాకీ పట్టినవాణ్ణి తిట్టడం తేలిక. ఆ ఆరు లక్షల్లో నా వాటా కొంత ఉంది.

ఎల్లోస్టోన్ దగ్గర 399 అనే నంబరుతో ప్రపంచమంతా ఎరిగిన ఒక తల్లి గ్రిజ్లీ ఉండేది. 2020లో ఒకే కాన్పులో నాలుగు పిల్లల్ని వెంటేసుకుని బయటికొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు బతికింది. ఏ వేటగాడికీ చిక్కలేదు. 2024 అక్టోబరులో రోడ్డు మీద కారు గుద్ది చనిపోయింది.

అలాగని ఇంజనీర్లం పాపం మూటగట్టుకునే పుట్టలేదు. బాన్ఫ్ జాతీయ పార్కులో పెద్ద హైవేకి రెండు పక్కలా కంచె వేసి, జంతువుల కోసం ఆరు పైవంతెనలు, ముప్పై ఎనిమిది కింది దారులు కట్టారు. వంతెన మీద మట్టి పోసి చెట్లు పెంచారు. మొదట్లో "ఎలుగుకి వంతెనా!" అని నవ్వినవాళ్ళున్నారు. గ్రిజ్లీలు వాటికి అలవాటు పడడానికి ఐదేళ్ళ దాకా పట్టింది. తల్లులు పిల్లలకు ఆ దారి నేర్పాయి. జంతువుల్ని వాహనాలు గుద్దే ప్రమాదాలు ఎనభై శాతానికి పైగా తగ్గాయి.

నేను కూడా మారాను. 2018లో ఆ లోయ యజమానులైన సంస్థకు ఉత్తరం రాశాను. నా పాత సంతకం తప్పని ఒప్పుకుంటూ వంతెన తీసేయడానికి డ్రాయింగు ఉచితంగా చేసిస్తానన్నాను. రెండేళ్ళు తిప్పించుకున్నాక ఒప్పుకున్నారు. ఉక్కు దూలాలు విప్పి ఒడ్డున పెట్టిన రోజు ఏటి ఒడ్డున నిలబడి చూశాను. అప్పటినుంచి నేను వేసిన రోడ్డుకన్నా తీసేసిన రోడ్డే ఎక్కువ. బయోడేటాలో రాసుకోవడానికి కొంచెం వింతగా ఉంటుంది.

ఇక మా మిత్రుడికి జవాబు.

ఒరేయ్, నువ్వు అడిగింది న్యాయం. వ్యాంకూవర్లో ఇంట్లో కూర్చుని ఎలుగు బతకాలనడం తేలిక. తెల్లవారుజామున జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళే మీ అమ్మకి అది ప్రాణం మీది మాట. 2022 జూన్‌లో మన పక్క వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ఒక మనిషి పోయాడు, చాలామంది గాయపడ్డారు. పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు. మన దేశంలో ట్రోఫీ వేట లేదు. మన ఎలుగుకి 1972 చట్టంలో గట్టి రక్షణే ఉంది. కాగితం మీద రక్షణ ఉన్నా కొండ మీద తిండీ నీళ్ళూ లేకపోతే అది పనస పండు కోసం తోటలోకే వస్తుంది. గ్రిజ్లీ నాకు నేర్పింది ఇదే. ఎలుగు పక్కన బతికేవాళ్ళ మాట వినకుండా ఎలుగును ఎవరూ కాపాడలేరు. అక్కడ ఆదివాసీల మాటే చివరికి నిలబడింది. ఇక్కడ నిలబడాల్సింది మీ అమ్మ మాట. ఆవిడ భయాన్ని లెక్కలో వేయకుండా నేను ఫోటో పెట్టడం తప్పు.

మొన్న ఊరికి రాగానే ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాను. చెంప మీద మచ్చ ఇంకా ఉంది. కాఫీ ఇచ్చి, "మీ ఊళ్ళో ఎలుగులు కూడా మనుషుల మీద పడతాయా నాయనా?" అని అడిగారు. "పడతాయమ్మా" అన్నాను. "మరి వాళ్ళేం చేస్తారు?" అన్నారు. చెత్తను ఎలుగు తెరవలేని డబ్బాల్లో వేస్తారని, ఒంటరిగా వెళ్ళరని, గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తారని, తోటలకు కరెంటు కంచె వేస్తారని, ఎలుగు తిరిగే చోటు బోర్డు పెడతారని చెప్పాను. అంతా విని, "దాన్ని చంపమని నేననలేదు. అదెప్పుడు ఏ దారిన వస్తదో చెబితే చాలు. నేను ఆ దారిన పోను" అన్నారు. నేను చదివిన పేపర్లన్నింటికన్నా సూటిగా ఉందా మాట.

అందుకే ఈ స్వర్ణోత్సవ వేళ సంఘానికి ఒక చిన్న ప్రతిపాదన. మన బడి తొమ్మిదో తరగతి పిల్లలూ, సైన్సు టీచర్లూ, తోటల రైతులూ కలిసి ఎలుగులు ఏ నెలలో ఏ దారిన వస్తున్నాయో ఒక పటం తయారుచేయాలి. అటవీశాఖ వారిని ముందే కలుపుకుందాం. కొండకి దగ్గరగా పిల్లల్ని పంపొద్దు, చూసినవాళ్ళని అడిగి రాసుకుంటే చాలు. ప్రతి తోట గేటు దగ్గర ఆ పటం ఉండాలి. తెల్లవారుజామున పనికెళ్ళే ఆడవాళ్ళకి టార్చి లైట్లు ఇద్దాం. గాయపడినవాళ్ళకి పరిహారం వచ్చేలోపు ఆస్పత్రి ఖర్చుకి ఒక నిధి పెడదాం. మొదటి చందా నాది. లెక్క చూసే పని మాత్రం మా మిత్రుడికి అప్పగించండి. వాడు నన్ను వదల్లేదు, ఎవర్నీ వదలడు.

మాస్టారూ, మీరు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నాకు తెలిసిన జవాబు చెబుతాను. ఆ రోజు ఎలుగుకి ఏమీ ముట్టలేదండీ. ఇప్పుడు కొంచెం ముట్టజెప్పే ప్రయత్నంలో ఉన్నాను.